పడవ ఆగిన చోటు

ఏ ఊరివాడికైనా తన ఊళ్ళో లేనిదాని మీదే మోజు. గోదావరి జిల్లాలవారు గండికోటలో పెన్నేరు కొండను చీల్చుకుపోయే చోటు చూడడానికి బస్సులు మారి మా వైపు వస్తారు. మా కలమల్లవాళ్ళం, ప్రొద్దుటూరువాళ్ళం సముద్రమంటే చాలు, సద్దిమూట కట్టుకుని బయలుదేరతాం. మాకు నీళ్ళంటే పెన్న. అది ఏడాదిలో కొన్నాళ్ళు ఏరు, మిగిలిన నాళ్ళు ఇసుక. మిద్దె మీద నిలబడితే కనిపించేవి థర్మల్ విద్యుత్కేంద్రం పొగగొట్టాలూ, నాపరాతి గనులూను. ఇలాంటి చోట పెరిగినవాణ్ణి తీసుకుపోయి నాలుగు దిక్కులా నీళ్ళున్న పడవలో కూర్చోబెడితే, మెడలో కెమేరా వున్న సంగతి కాసేపు మరచిపోవడం సహజమే.

ఈ మధ్య మన చదువుకున్న కుటుంబాల్లో ఒక కొత్త సరదా బయలుదేరింది. నలుగురైదుగురు కలిసి ఒక పడవ మాట్లాడుకోవడం, తీరం వెంబడి తిరిగి పక్షులకూ జంతువులకూ ఫోటోలు తీసుకురావడం. పూర్వం మన పెద్దలు తీర్థానికి వెళ్ళి చెంబుతో గంగ తెచ్చినట్టు, వీరు కెమేరా నిండా కొంగలను తెస్తున్నారు. దీన్ని ఎగతాళి చేయడానికి ఈ వారం శీర్షిక వాడుకోవడం లేదు. చేపలను పట్టకుండా, కుందేళ్ళను కొట్టకుండా అడవిని చూసి ఆనందించి రావడం నిజంగా మంచి సరదా. అయితే ప్రతి మంచి సరదాకూ ఒక మర్యాద వుంటుంది. ఆ మర్యాద ఏమిటో నాకు పుస్తకాల్లో కంటె కోరింగ దగ్గర ఒక పడవలో స్పష్టంగా బోధపడింది. అది నలుగురితో చెప్పదగిందని తోచి రాస్తున్నాను.

కోరింగ పేరు వినని తెలుగువాడు వుండడు గాని, అదెక్కడుందో చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. కాకినాడ నుంచి యానాం పోయే దారిలో వుంది. ఒకనాడు ఓడలు కట్టిన రేవు. అక్కణ్ణుంచి మనవాళ్ళు బర్మాకు కూలికీ వ్యాపారానికీ ఓడలెక్కితే, రంగూనులో తెలుగువాళ్ళందరికీ కోరంగీలు అనే పేరే స్థిరపడిపోయింది. 1789లో ఒకమారు, 1839 నవంబరులో మరొకమారు సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఆ రెండో దెబ్బతో రేవు వైభవం పోయింది. ఊరు మిగిలింది, ఊరి పక్కన మడ అడవి మిగిలింది. ఆ అడవినే 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దానికి తూర్పున, కాకినాడ అఖాతానికి గోడ కట్టినట్టుగా, సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఒక ఇసుక మేట వుంది. దాన్నే హోప్ ఐలాండ్ అంటారు. గోదావరి తెచ్చి పోసిన ఇసుకతో గత రెండు శతాబ్దాల్లోనే పెరిగిన దీవి అది. సముద్రం కెరటాలను అది ఆపబట్టే కాకినాడ రేవు నెమ్మదిగా వుంటుంది.

మడ అడవి మన నల్లమల వంటిది కాదు. అక్కడ నేల లేదు, బురద వుంది. బురదలో గాలి ఆడదు గనక తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్ళు కిందికి పోవడంతో తృప్తిపడక, పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచి ఊపిరి పీల్చుకుంటాయి. పొన్నచెట్టు గింజ కొమ్మ మీద వుండగానే మొలకెత్తి, మొక్క అయ్యాకనే కిందికి దిగుతుంది. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పని అక్కడివారు కొమ్మ విరవరు. తెల్లమడ ఆకును నాలుకకు తగిలిస్తే ఉప్పగా వుంటుంది. వేళ్ళు తాగిన ఉప్పును ఆకు బయటికి కక్కుతుంది. ఈ చెట్ల నీడన బురదలో గెంతే చేపలు, ఒక డెక్క మాత్రం పెద్దదిగా వున్న పీతలు, వాటిని తినవచ్చే కొంగలు, లకుముకి పిట్టలు, గరుడపక్షులు, నీరుకుక్కలు. రాత్రిపూట నీళ్ళలో దిగి చేపలు పట్టే బావురుపిల్లి ఈ అడవికి అసలైన దొర. పగలు వెళ్ళినవారికి అది దర్శనమివ్వదు.

గత మాఘమాసంలో మేం ఆరుగురం వెళ్ళాం. మా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుడు, ప్రొద్దుటూరులో పెళ్ళి ఫోటోలు తీసే స్టూడియో యజమాని, ఆయన మేనల్లుడు, ఉద్యోగ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన, ఆయన భార్య, నేను. మేనల్లుడి దగ్గర చెరుకుగడంత లెన్సు వుంది. సెకనుకు 20 బొమ్మలు తీయగల కెమేరా వుంది. బ్యాంకు ఆయన భార్య దగ్గర ఒక దుర్భిణీ, ఒక చిన్న నోటుపుస్తకం మాత్రమే వున్నాయి. సాయంత్రానికి లెక్క చూసుకుంటే మా అందరికంటె ఎక్కువ పక్షులను చూసింది ఆవిడే. తక్కినవాళ్ళం కెమేరాలో ఏదో మీట సరిచేసుకుంటూ వుండిపోయాం.

అటవీశాఖవారి అనుమతి చూసుకుని సరంగు పడవ తీశాడు. అరవై ఏళ్ళుంటాయి. ఎక్కగానే మేనల్లుడు, "ఎన్ని గంటలకు పోతే పక్షులు బాగా అగుపిస్తాయి పెద్దాయనా?" అని అడిగాడు.

"గంటలతో పని లేదండి. పోటుతో పని," అన్నాడు సరంగు.

ఆ ఒక్క మాటలో అక్కడి శాస్త్రమంతా వుంది. ఆ తీరాన రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ ఒక వేళకు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దది, అష్టమి ప్రాంతాల చిన్నది. పాటు తీసినప్పుడు మైళ్ళకొద్దీ బురద బయటపడుతుంది. పక్షులు ఆ బురద మీద చెదిరిపోయి పురుగులనూ నత్తలనూ ఏరుకుంటాయి. అప్పుడు వాటి దగ్గరికి ఏ పడవా పోలేదు. పోటు ఎక్కేకొద్దీ బురద మునుగుతుంది. పక్షులు వెనక్కి వెనక్కి జరిగి, ఆఖరికి మునగకుండా మిగిలిన ఏ ఇసుక తిప్ప మీదికో చేరి, నీళ్ళు తీసేదాకా ఒంటికాలి మీద నిలబడి విశ్రమిస్తాయి. అంచేత తెలిసిన సరంగు పక్షుల వెంట పడవను తరమడు. అవి చేరబోయే తిప్పకు తగినంత దూరంలో ముందుగానే లంగరు వేసి కూర్చుంటాడు. మిగిలిన పని సముద్రమే చూసుకుంటుంది.

మా పడవ అలాగే ఆగింది. ఇంజను ఆపేశాడు. ఎదురుగా తిప్ప మీద మొదట రెండో మూడో ఉల్లంకులు. క్రమంగా గుంపులు గుంపులుగా దిగాయి. వంకర ముక్కు కర్లూలు, పొడుగు ముక్కు గోడ్విట్లు, నీటికి ఆనుకుని టెర్న్ పక్షులు. మేనల్లుడికి ఓపిక నశించింది. వాడి మనస్సులో ఒక బొమ్మ ముందే సిద్ధంగా వుంది. వేల రెక్కలు ఒక్కసారిగా విప్పుకుని ఆకాశం కప్పేసిన బొమ్మ.

"పెద్దాయనా, ఇంగ కొంచెం దగ్గరికి పోనీ. ఒకసారి చప్పట్లు కొడితే అన్నీ ఒక్కపారి లేస్తాయి. ఆ బొమ్మ ఒక్కటి దొరికితే సాలు నాకు," అన్నాడు.

సరంగు నవ్వాడు. "లేపొచ్చండి బాబూ. లేపడం ఎంతసేపండి? కానండి, పోటు నిండుగా వుందండి. ఈ తిప్ప తప్పితే వాటికి కాలు మోపే చోటు లేదండి. లేపితే పాటు తీసేదాకా గాల్లో తిరగాలండి."

"గద్ద వస్తే లేవవా మరి?"

"గద్ద ఆకలేసి వస్తదండి. మనకి ఆకలేముందండి? ఇందాకే కదండీ అమ్మగారు పులిహోర పెట్టారు!"

పడవలో నవ్వు పుట్టింది గాని మేనల్లుడు నవ్వలేదు. మధ్యాహ్నం దాకా మాట్లాడనూ లేదు. వాడి పక్షాన కూడా ఒక న్యాయం వుంది. రాత్రంతా రైలూ బస్సూ మారి వచ్చాడు. ఆ లెన్సుకు అప్పు చేశాడు. అలాంటి బొమ్మలే అందరూ మెచ్చుకోవడం రోజూ సెల్‌ఫోనులో చూస్తున్నాడు. ఇంత దూరం వచ్చి దూరంగా కూర్చోమంటే కోపం రావడం ధర్మమే.

కాని కాసేపటికి ఇంకొక పడవ వచ్చింది. అందులోవాళ్ళు ఎక్కడివారో మాకు తెలియదు. తిన్నగా తిప్ప అంచుకు పోయారు. ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. తిప్పంతా ఒక్కసారి లేచింది. చూడడానికి అద్భుతంగానే వుంది, అబద్ధమెందుకు చెప్పాలి? వాళ్ళు కేరింతలు కొట్టి, బొమ్మలు తీసుకుని, నిమిషంలో వెళ్ళిపోయారు. పక్షులు మాత్రం దిగలేదు. ఒకసారి వాలబోయి మళ్ళీ లేచాయి. కొన్ని సముద్రం వైపు పోయి తిరిగి రాలేదు. బ్యాంకు ఆయన భార్య గడియారం చూసి నోటుపుస్తకంలో రాసుకుంది. మొదటి గుంపు మళ్ళీ కాలు మోపడానికి 18 నిమిషాలు పట్టింది. వాళ్ళ ఆనందం ఒక్క నిమిషం, వీటి శ్రమ 18 నిమిషాలు. లెక్కల మాస్టారు అక్కరలేకుండానే ఈ లెక్క మాకందరికీ అర్థమయింది.

ఇంతకీ పక్షి ఎగిరితే నష్టమేమిటి? ఎగరడం దాని పనే కదా అని అడగవచ్చు. అదే అసలు కిటుకు. మన తీరానికి చలికాలంలో వచ్చే ఈ పక్షులు ఇక్కడ పుట్టినవి కావు. గ్రేట్ నాట్ అనే ఉల్లంకి జాతి పక్షి గూడు పెట్టేది సైబీరియా ఈశాన్యపు కొండల్లో. గోడ్విట్లదీ ఉత్తర దేశమే. అవి మన బురదలో మేసి, కొవ్వు కూడబెట్టుకుని, ఎండలు ముదిరేనాటికి తిరుగు ప్రయాణం కట్టాలి. 2022 అక్టోబరులో ఒక బార్‌టెయిల్డ్ గోడ్విట్ అలాస్కాలో లేచి, ఎక్కడా దిగకుండా 11 రోజులు ఎగిరి టాస్మేనియా చేరింది. దూరం 13,560 కిలోమీటర్లు. దాని ఒంటికి కట్టిన చిన్న యంత్రం ఆ దారంతా చెప్పింది. అంత ప్రయాణానికి దానికున్న పెట్టుబడి ఒంట్లోని కొవ్వు ఒక్కటే. మన సరదా కోసం అది ఎగిరిన ప్రతి నిమిషమూ ఆ మూటలోనుంచి ఒక కాసు తీసి పారేసినట్టు. ఒక పడవ అయితే ఒక కాసే. సెలవు రోజున పది పడవలు వస్తే?

మన భాషలో ఒక చిత్రముంది. ఫోటో తీస్తాం అంటాం. ప్రాణం తీస్తాం అని కూడా అంటాం. రెండింటికీ క్రియ ఒక్కటే. ఇంగ్లీషువాళ్ళు ఫోటోకూ తుపాకీకీ ఒకే మాట వాడతారు. చరిత్ర చూసినా ఈ రెండూ దగ్గరి చుట్టాలే. అమెరికాలో జార్జ్ షైరాస్ అనే న్యాయవాది వుండేవాడు. రాత్రిపూట చిన్న పడవ ముందు దీపం పెట్టుకుని, ఆ వెలుగుకు బిత్తరపోయి నిలబడిన జింకను కాల్చడం అక్కడి వేటగాళ్ళ పద్ధతి. ఆయనా ఆ వేటలో ఆరితేరినవాడే. తర్వాత తుపాకీ వదిలి, అదే పడవలో, అదే దీపంతో, కెమేరా పట్టుకున్నాడు. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన తీసిన 74 బొమ్మలు వేసింది. లోకం ఆశ్చర్యపోయింది. పడవలో కూర్చుని వన్యమృగాలను ఫోటో తీసే విద్యకు ఆయన ఒక ఆదిపురుషుడు. దారికి అడ్డంగా తీగ కట్టి, జంతువు తానే తగిలి తన బొమ్మ తానే తీసుకునే ఏర్పాటు కూడా ఆయన చేశాడు. మన దేశంలో ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అనే అటవీ అధికారి అదే ఏర్పాటుతో పులుల బొమ్మలు తీసి 1927లో పుస్తకం వేశాడు. నేడు బావురుపిల్లిని లెక్కపెట్టేవారు చెట్టుకు కట్టి వచ్చే స్వయంచాలక కెమేరా దానికి మునిమనుమడు. గమనించండి, ఈ కథలో కెమేరా ముందుకు నడిచేకొద్దీ మనిషి వెనక్కి నడిచాడు. తుపాకీ దించినవాడు ముందు పడవను ఆపాడు, తర్వాత పడవనే దిగి ఇంటికి పోయాడు. బొమ్మలు మాత్రం మెరుగుపడ్డాయి.

మన చట్టం కూడా ఇదే మాట అంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చదివితే, పక్షుల గుడ్లనూ గూళ్ళనూ కదిలించడం సైతం అందులో చేరుతుంది. చేతిలో తుపాకీ లేదు గనక వేట కాదు అనుకునేవారు ఆ వాక్యం ఒకసారి చదువుకోవాలి.

సముద్రం దాకా ఎందుకు, మా కడప జిల్లా కథే చెబుతాను. కలివికోడి అనే పక్షి ఒకటుంది. 1848లో జెర్డన్ అనే సైనిక వైద్యుడి ద్వారా లోకానికి తెలిసింది. 1900లో అనంతపురం ప్రాంతాన కనిపించాక మళ్ళీ ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అందరూ రాసుకున్నారు. 1986 జనవరిలో, మా జిల్లాలోనే, లంకమల అడవుల పొత్తున రాత్రిపూట దీపం పట్టుకుని తిరిగిన ఐతన్న అనే పిట్టల వేటగాడికి అది దొరికింది. ప్రపంచమంతా ఆ వార్త పాకింది. పట్టుకున్న పక్షి మాత్రం కొద్ది రోజులకే చచ్చిపోయింది. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత వచ్చిన పరిశోధకులు పక్షిని పట్టే మాట వదిలేశారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరచి, తెల్లవారి దాని అడుగుల ముద్రలు చూసుకున్నారు. చెట్ల మధ్య స్వయంచాలక కెమేరాలు అమర్చి వచ్చారు. ఆ పక్షి వుండే పొదలను తప్పించడానికి తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. చేతికి దొరికిన పక్షి నిలవలేదు. మట్టిలో మిగిలిన అడుగు ఒక కాలువను కదిలించింది!

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనక దీన్ని నా వృత్తి భాషలో చెబితే నాకు తేలికగా వుంటుంది. మా కలమల్ల చెన్నకేశవాలయంలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం వుంది. తెలుగులో దొరికిన శాసనాల్లో మొట్టమొదటిదని దానికి పేరు. లిపిని బట్టి పండితులు దాన్ని సుమారు 575 ప్రాంతానిదిగా నిర్ణయించారు. శాసనానికి నకలు తీసేవారు ఎలా తీస్తారో మీరెప్పుడైనా చూశారా? రాతిని కడుగుతారు. తడి కాగితం పరుస్తారు. కుంచెతో మెల్లగా తడుతూ కాగితాన్ని అక్షరాల గుంటల్లోకి దింపుతారు. పైన మసి అద్దుతారు. కాగితం ఆరాక ఊడదీస్తే అక్షరాలు కాగితం మీద వుంటాయి. రాయి ఎలా వున్నది అలాగే వుంటుంది. అక్షరం సరిగా కనబడలేదని మేకుతో గీసి స్పష్టం చేసేవాడిని పండితుడనరు. వాడు నకలు కోసం అసలును పాడుచేసినవాడు.

పక్షి ఫోటో కూడా నకలే. అసలు ఆ తిప్ప మీద వుంది. మన నకలు తీయడం అయ్యాక అసలు చెక్కు చెదరకుండా వుండాలి. మనం రాకముందు అది తింటూ వుంటే తింటూనే వుండాలి, నిద్రపోతూ వుంటే నిద్రపోతూనే వుండాలి. వన్యప్రాణి ఛాయాచిత్రకళకు ఇంతకంటె పెద్ద సూత్రం నాకు తోచదు. పక్షి తలెత్తి మనవైపు చూసిందంటే హద్దు దగ్గరపడిందన్నమాట. మేత మాని రెండడుగులు నడిచిందంటే హద్దు దాటామన్నమాట. అది ఎగిరేదాకా ఆగనవసరం లేదు.

ఈ పోలిక ఇంకో మెట్టు కూడా పోతుంది. కలమల్ల శాసనం మీద తేదీ లేదు. అంచేత అక్షరాల వంపులు చూసి కాలం కట్టవలసి వచ్చింది. తేదీ, చోటు రాసి వుంచని ఫోటో గతి కూడా అంతే. ఎంత అందంగా వున్నా అది అనాథ. ప్రతి జనవరిలో దేశదేశాల్లో నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి జరుగుతూ వున్నది. కోరింగలోనూ కాకినాడ అఖాతంలోనూ దానికి మనుషులు బయలుదేరతారు. ఏ ఏట ఏ పక్షి ఎన్ని వచ్చాయో, ఏది తగ్గిపోతున్నదో ఇలాంటి లెక్కల వల్లనే తెలుస్తుంది. కింది ముక్కు పొడుగ్గా, పై ముక్కు పొట్టిగా వుండి, ఎగురుతూనే నీటిని కోసుకుపోయే స్కిమ్మర్ పక్షులు కొన్ని ఏటా ఈ అఖాతానికి వస్తాయి. 2020లో వాటిని లోకమంతటా ప్రమాదంలో వున్న జాతిగా లెక్కించారు. అలాంటి పక్షి బొమ్మ వెనుక తేదీ వుంటే అది సాక్ష్యం. లేకపోతే గోడకు అలంకారం. అయితే ఒక జాగ్రత్త వుంది. లెక్కలు కట్టేవారికి అన్నీ చెప్పండి. లోకానికి మాత్రం ఊరి పేరు చెప్పి ఊరుకోండి. గూటి చిరునామా అచ్చు వేయించితే మరుసటి ఆదివారం అక్కడ తిరునాళ్ళే.

ఆ రోజు సాయంత్రం హోప్ ఐలాండ్ ఇసుక మీద ఒక ఆలివ్ రిడ్లీ తాబేలు చచ్చిపడి వుంది. జనవరి నుంచి ఈ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రివేళ మన ఇసుక తీరాలకు వస్తాయి. ఒక్కొక్కటి నూరు గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి పోతుంది. సముద్రంలో వుండేదే అయినా తాబేలు గాలి పీల్చే ప్రాణి. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. మేమంతా ముక్కు మూసుకుని ముందుకు నడిచాం. స్టూడియో యజమాని మాత్రం నిలబడ్డాడు. పాతికేళ్ళుగా పెళ్ళికూతుళ్ళను తప్ప మరొకదాన్ని తీయని మనిషి. తన చెప్పు విడిచి కొలత కోసం తాబేలు పక్కన పెట్టి, నాలుగు వైపుల నుంచి నాలుగు బొమ్మలు తీశాడు. బ్యాంకు ఆయన భార్య తేదీ, వేళ, చోటు రాసుకుంది. ఆ బొమ్మను ఎవరూ గోడకు తగిలించరు. కాని ఆనాడు మేం తీసిన కొన్ని వేల బొమ్మల్లో, ఎవరైనా అధికారి బల్ల మీద పెట్టి ఇది చూడండి అని అడగదగినవి ఆ నాలుగే.

ఇక మీరు కూడా వెళ్ళదలిస్తే నాలుగు మాటలు. నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. పడవకు ఆరుగురిని మించనీయకండి. మాటలు తగ్గుతాయి, బరువు తగ్గుతుంది. పంచాంగం చూసి పోటు వేళ కనుక్కుని బయలుదేరండి. రంగుల చీరలూ చొక్కాలూ పెళ్ళికి దాచుకుని మట్టిరంగు బట్టలు కట్టుకోండి. పక్షులకు చేపముక్కలు విసరకండి, వాటి కూతను సెల్‌ఫోనులో వినిపించి పిలవకండి. రాత్రి తాబేలు మీద దీపం వేయకండి. గుడ్డులోనుంచి వచ్చిన పిల్ల వెలుగు వున్న దిక్కే సముద్రమనుకుని నడుస్తుంది. మన దీపం దాన్ని ఊరివైపు నడిపిస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది కూలి సంగతి. దిగేటప్పుడు సరంగును అడిగాను, నువ్విలా దగ్గరికి పోనంటే బేరాలు పోవా అని.

"పోతాయండి మేస్టారూ. దగ్గరికి తీసుకెళ్ళే పడవ చూసుకుంటాం అని దిగిపోయినోళ్ళున్నారండి. లేపిన రోజున చేతిలో అదనంగా ఓ నోటు పెడతారండి. లేపని రోజున కిరాయేనండి. మరి ఇంట్లో పిల్లలున్నారు కదండీ, అందరు సరంగులూ కాదనలేరండి."

తిప్ప మీది పక్షి నిలవడమూ లేవడమూ చివరికి ఆ అదనపు నోటు మీద ఆధారపడి వుంది. చట్టం అక్కడిదాకా ప్రతి రోజూ రాలేదు, అధికారి ప్రతి పడవలో కూర్చోలేడు. ఆ నోటు మాత్రం ప్రతి పడవలోనూ మన జేబులోనే వుంటుంది. మేనల్లుడు ఏమనుకున్నాడో తెలియదు గాని, తన లెన్సు సంచి భుజానికి తగిలించుకుని, మేనమామతో చెప్పకుండానే జేబులో చెయ్యి పెట్టి, "ఇది పడవ ఆపినందుకు పెద్దాయనా," అని ఇచ్చి దిగాడు. వాడు కోరిన బొమ్మ వాడికి దొరకలేదు. పాటు తీసినప్పుడు ఆ పక్షులు తమంతట తామే, నెమ్మదిగా, ఒక్కొక్క గుంపుగా బురద మీదికి దిగి మేతకు పోవడం మాత్రం మేమందరం చూశాం.